తమ్ముడి కణాలు

స్టెమ్ సెల్ ట్రాన్స్‌ప్లాంట్ అయిన 24వ రోజు పొద్దున్నే అరచేతుల మంటకి మెలకువ వచ్చింది. నిప్పు దగ్గర పెట్టినట్టు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. సాయంత్రానికి అరికాళ్లూ, చెవుల వెనకా అంతే. మర్నాటి నుంచి విరేచనాలు. నర్సు ప్రతిసారీ గీతలున్న పాత్రలో కొలిచి చార్టులో రాసుకునేది. మూడో రోజు మొత్తం 1200 మిల్లీలీటర్లు. పేగుల్లో జబ్బు ఎంత ముదిరిందో ఆ అంకెను బట్టే చెబుతారని తర్వాత తెలిసింది.

నాకొచ్చింది ఏఎంఎల్ అనే బ్లడ్ క్యాన్సర్. కీమోతో తగ్గినా తిరగబెట్టే ప్రమాదం ఎక్కువని ట్రాన్స్‌ప్లాంట్ చేశారు. ఒక తోబుట్టువు దాతగా పూర్తిగా మ్యాచ్ అయ్యే అవకాశం 25 శాతమే. నాకున్న ఒక్కగానొక్క తమ్ముడూ మ్యాచ్ అయ్యాడు. రక్తకణాలను పుట్టించే స్టెమ్ సెల్స్ ఎముకల్లోంచి రక్తంలోకి రావడానికి వాడికి రోజూ ఇంజెక్షన్లు, వాటితో ఎముకల్లో నొప్పులు, ఆపైన వాటిని వేరుచేసి తీసే మిషన్ పక్కన గంటల తరబడి కదలకుండా పడుకోవడం. ఒక్కసారి కూడా అబ్బా అనలేదు.

అలాంటివాడు డాక్టరు చెప్పింది విని కుంగిపోయాడు. 'ఇది జీవీహెచ్‌డీ. దాత కణాలు మీ శరీరాన్ని పరాయిదనుకుని దాడి చేస్తున్నాయి' అన్నారాయన. ఆ రాత్రి ఫోన్‌లో, 'అక్కా, నా వల్లే కదా ఇదంతా?' అన్నాడు. నాకు మాట రాలేదు. దాత కూడా అక్కడే ఉన్నప్పుడు 'దాడి' అనే మాట దగ్గర ఆగిపోకూడదని నాకిప్పటికీ అనిపిస్తుంది. వాళ్లనీ కూర్చోబెట్టి నాలుగు మాటలు చెప్పాలి.

స్టిరాయిడ్లతో వారంలో దద్దుర్లు తగ్గాయి, పేగులు మాత్రం లొంగలేదు. రుక్సోలిటినిబ్ మాత్రలు మొదలుపెట్టాక మెల్లగా దారికొచ్చాయి. 63వ రోజున ఇంటికొచ్చాను.

ఇంట్లో ఖాళీగా ఉన్నప్పుడు, ఇది ఎందుకొస్తుందని డాక్టరుని అడిగీ, చదివీ తెలుసుకున్నాను. ట్రాన్స్‌ప్లాంట్ ముందు ఇచ్చే గట్టి కీమోకి పేగుల పొర దెబ్బతింటుంది. ఆ దెబ్బకి దాత నుంచి వచ్చిన రోగనిరోధక కణాలు ఒక్కసారిగా మేలుకుంటాయి. విపరీతంగా పెరుగుతూ, కుప్పలుతెప్పలుగా ప్రోటీన్లు తయారుచేస్తాయి. ప్రోటీన్లు చాలావరకు సరిగ్గా మడతపడితేనే పనికొస్తాయి. కణం బయటికి పంపే ప్రోటీన్లకి ఆ మడతలు పడే చోటు కణంలోని ఎండోప్లాస్మిక్ రెటిక్యులం. పని మించిపోతే మడతపడని ప్రోటీన్లు అక్కడ పేరుకుపోతాయి. ఆ చోటుకి స్ట్రెస్ అంటే ఇదే. దాన్ని ఐఆర్ఈ1, పెర్క్, ఏటీఎఫ్6 అనే మూడు కాపలా ప్రోటీన్లు కనిపెడతాయి. వీటిలో ఐఆర్ఈ1, ఎక్స్‌బీపీ1 అనే మరో ప్రోటీన్‌ని రంగంలోకి దింపి, మడతపెట్టే సామర్థ్యాన్ని పెంచుతుంది. కణం బతకడానికి చేసుకునే ఏర్పాటే ఇది. కానీ రోగనిరోధక కణాల్లో ఇదే ఏర్పాటు వాటిని ఇంకా ఉరకలు పెట్టిస్తుంది.

ఈ ఐఆర్ఈ1, ఎక్స్‌బీపీ1 దారిని మందుతో అడ్డుకుంటే ఎలుకల్లో దీర్ఘకాలిక జీవీహెచ్‌డీ రాకుండా ఆగిందనీ, దాత కణాలు క్యాన్సర్‌ని చంపే గుణం మాత్రం పోలేదనీ 2018లో ఒక పరిశోధన వచ్చింది. ఆ రెండో మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. తమ్ముడి కణాలను పూర్తిగా అణచేస్తే నా క్యాన్సర్‌కి అడ్డెవరు? ఎలుకల్లో తేలింది మనుషుల మందుగా మారాలంటే ఇంకా చాలా దూరముంది. అయినా కళ్లు తడిశాయి.

ఒక మధ్యాహ్నం వాడు మాస్కు పెట్టుకుని నా ఉతికిన బట్టలు మడతపెడుతున్నాడు.

'ఒరే, వంద దుప్పట్లు నీ ముందు పడేసి గంటలో మడతపెట్టమంటే ఏం చేస్తావు?'

'కంగారులో ఎలాగోలా కుక్కేస్తాను.'

'నీ కణాలకి నాలోకి రాగానే అదే పరిస్థితి రా. కీమోకి అప్పటికే అంతా చెదిరిపోయి ఉంది. అంత పని ఒక్కసారిగా మీద పడింది.'

చేతిలో తువ్వాలు అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. 'అయితే అవి నీ మీద పగబట్టలేదా అక్కా?'

'వాటికి పగేం తెలుసు? నా క్యాన్సర్ తిరగబెట్టకుండా కాపు కాస్తున్నది కూడా అవే.'

వాడు తువ్వాలు మళ్లీ విప్పి, అంచులు కలిపి, నిదానంగా మడతపెట్టాడు.

ఇప్పటికి రెండేళ్లు దాటింది. కళ్లు పొడిబారతాయి, రోజుకి నాలుగుసార్లు చుక్కలు వేసుకుంటాను. నా బ్లడ్ గ్రూపు కూడా మారి వాడిదే అయింది. ఫోన్ చేస్తే ముందు నా సంగతి అడుగుతాడు, తర్వాత గొంతు తగ్గించి, 'మావాళ్లు ఎలా ఉన్నారక్కా?' అంటాడు.