కొత్త బర్రె, పాత బర్రె

డాలస్‌లో మేం రెండుసార్లు షెల్టర్ కుక్కల్ని ఫోస్టరింగ్‌కి, అంటే కొన్నాళ్లు ఇంట్లో పెట్టుకుని చూసుకోడానికి, తెచ్చుకున్నాం. కొత్త కుక్క ఇంటికొస్తే ఏం చెయ్యాలో మా పదేళ్ల పిల్లకి కంఠతా వచ్చు. ఈ మే నెలలో కందుకూరు దగ్గర మా ఊళ్లో, చింతచెట్టు కింద దొరికిన రెండు నెలల కుక్కపిల్లని టవల్లో చుట్టుకొచ్చి వాకిట్లోనే ఆర్డరేసింది: "డాడీ, నల్లోడికి కనపడనీకు. ముందు వేరే రూమ్!"

నల్లోడు మా అమ్మ కుక్క. తొమ్మిదేళ్లుగా వసారా వాడిది. గడప దాటింది లేదు. లోపలికొచ్చే హక్కు పిల్లికే, ఎలకల పుణ్యాన.

"కుక్కకి రూమేంది తల్లీ?" అంది అమ్మ.

మధ్యలో నేను దుబాసీని. ముందు ఒకదాని వాసన ఒకదానికి అలవాటవ్వాలంట, ఎదురెదురుగా నిలబెట్టకూడదంట, గిన్నెలు దూరంగా పెట్టాలంట అని చెప్పుకొచ్చా. అమ్మ సాంతం విని, "కొత్త బర్రెను తెస్తే పాతదాని పక్కనే కట్టేస్తామా? ఇందులో చెప్పేదేముంది?" అంది. కోళ్ల గంప బోర్లించి కుక్కపిల్లని దాని కింద పెట్టింది. నల్లోడు పడుకునే గోతం అందులోకి దూర్చి, టవల్ వాడి ముందు పడేసింది. డాలస్‌లో కుక్కల బోనుకి, అదే క్రేట్‌కి, నేను పోసిన డాలర్లు గుర్తొచ్చాయి. నల్లోడు టవల్ని మూడు వైపులా వాసన చూసి, గట్టిగా తుమ్మి, పోయి గోడకి కాలెత్తాడు.

రెండింటినీ ఎడంగా పక్కపక్కన నడిపించాలన్నది మా పిల్ల పట్టు. నల్లోడి మెడకి తాడు పడటం అదే మొదలు. పలుపు వెయ్యగానే రోడ్డు మీద అడ్డంగా పడుకున్నాడు. ఇక కుక్కపిల్లనే నడిపించాం. కాసేపటికి వాడే లేచి, పది అడుగుల వెనక వచ్చాడు.

తిండి దగ్గర మాత్రం నాయనమ్మకీ మనవరాలికీ చెడింది. చిన్నదానికి ముందు పెట్టాలని ఇది. "పెద్దోడి కడుపు నిండితేనే చిన్నదాన్ని బతకనిస్తాడు" అని అమ్మ. అమ్మ మాటే నెగ్గింది. పిల్లి అటకెక్కి రెండో రోజు రాత్రికి గానీ దిగలేదు. దాన్నెవరూ లాగొద్దని మా పిల్ల కాపలా కాసింది.

నాలుగో రోజు ఆటలో కుక్కపిల్ల పన్ను గీసుకుని మా పిల్ల చేతి మీద నెత్తురు చిమ్మింది. అమ్మ పసుపు తెచ్చింది. ఇక్కడ మాత్రం నేను దుబాసీపని మానేశా. కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, నేరుగా ఆస్పత్రికి తీసుకుపోయా. ఆ రోజుతో కలిపి నాలుగు సార్లు రేబిస్ సూది: మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. ఇంకా ఐదు వారాల సెలవుంది కాబట్టి సరిపోయింది.

కుక్కపిల్లని మాతో తీసుకుపోదాం అంటుందని తెలుసు. 2024 ఆగస్టు నుంచి ఆరు నెలలు నిండని కుక్కని అమెరికాలోకి రానివ్వరు, నిండినా ఒంట్లో గుర్తింపు చిప్పూ, టీకా కాగితాలూ ఉండాలని చెప్పా. ఏడవలేదు. తలుపు వెనకున్న క్యాలెండర్లో సెప్టెంబరు దాకా తిప్పి, ఒక తేదీకి ఎర్రగా సున్నా చుట్టింది.

"ఆ రోజు ఏం పండగ తల్లీ?" అంది అమ్మ.