చిక్కు వెంట్రుకల కవర్

మా ఇంట్లో తలుపు వెనక మేకుకు ఒక కవర్ వేలాడుతుంటుంది. తల దువ్వుకున్నాక దువ్వెనకు వచ్చిన వెంట్రుకలను ఉండ చుట్టి అందులో వేయడం అత్తమ్మ పెట్టిన అలవాటు. చిక్కు వెంట్రుకలు కొనే ఆమె ఏడాదికి ఒకటి రెండుసార్లు స్టీలు సామాన్లతో వస్తుంది. ఇచ్చిన వెంట్రుకలను బట్టి చెంచానో, గిన్నెనో చేతిలో పెట్టి పోతుంది. నా జుట్టు రాలుతున్న సంగతి ముందుగా ఆ కవర్ చూసి పట్టింది అత్తమ్మే. ఏడాదంతా వేసినా సగం నిండని కవర్ ఆ కార్తీకంలో మూడు వారాలకే ఉబ్బింది.

"గివన్నీ నీ ఎంటికలేనా బిడ్డా?" అని రెండుసార్లు అడిగింది.

మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం. ఇక్కడ ఒంట్లో ఏం తేడా వచ్చినా ముందు నీళ్లనే అనుమానిస్తాం. ఊరికే కాదు, ఫ్లోరైడ్‌తో కాళ్లు వంకరపోయినవాళ్లను, పళ్లు గారపట్టినవాళ్లను చూస్తూ పెరిగాం. తాగడానికి ఇప్పుడు మిషన్ భగీరథ నల్లా నీళ్లు వస్తున్నాయి కానీ, స్నానానికి మాత్రం బోరే. సబ్బుకు నురగ రాదు, బకెట్‌కు తెల్లగా పొర కడుతుంది. ఇంకేం, తప్పు బోరుదేనని నేను తీర్మానం చేసేశాను. తలకు పోసుకునే రోజు నల్లా నీళ్లు రెండు బిందెలు పక్కన పెట్టుకున్నాను. షాంపూ మానేశాను. కుంకుడుకాయలు రాయితో చితగ్గొట్టి, గింజలు తీసి, రాత్రంతా నానబెట్టి, పొద్దున పిసికి పాత చీర గుడ్డలో వడగట్టుకునేదాన్ని. కళ్లలో పడితే మంట, ఒక చిటికెడు ఉప్పు నోట్లో వేసుకొమ్మని అత్తమ్మ. జుట్టు మెత్తబడ్డది, నిజం. రాలడం మాత్రం ఆగలేదు. నీళ్లు కాలవలోకి పోవడానికి దారి లేకుండా బాత్‌రూమ్ జాలీకి నల్లటి ముద్ద అడ్డం పడేది.

ఆ తర్వాత ఫోన్‌లో చూసి ఒక నూనె తెప్పించాను, 900 రూపాయలు. దాని గురించి ఇంతకంటే రాయడం దండగ.

సంక్రాంతికి గిన్నెల ఆమె వచ్చింది. కవర్ విప్పి, ఒక ఉండ తీసి, ఎండలో పెట్టి సాగదీసి పొడుగు చూసింది. "మంచిగున్నయమ్మా" అని ఇంత పెద్ద టిఫిన్ డబ్బా ఇచ్చింది. మా ఇంట్లో అంత పెద్దది ఎప్పుడూ రాలేదు. ఆ డబ్బా చూస్తుంటే ఏడుపొచ్చింది. మరుసటి వారమే నల్లగొండకు బస్సెక్కి చర్మం డాక్టరమ్మ దగ్గరికి పోయాను.

ఆమె రాస్తుందనుకున్న మందులేవీ ముందు రాయలేదు. యాభై అరవై వెంట్రుకలను బొటనవేలు, రెండు వేళ్ల మధ్య పట్టుకుని, కుదుళ్ల నుంచి చివరిదాకా మెల్లగా లాగింది. తొమ్మిది ఊడి వచ్చాయి. వాటిని తెల్ల కాగితం మీద పెట్టి ఫోన్ లైటు కొట్టి చూపించింది. ఒక్కోదాని చివర ఆవగింజలో పదోవంతు తెల్లటి చుక్క. నడిమిట్లో తెగలేదనీ, కాలం తీరి కుదురు నుంచే వదిలాయనీ చెప్పింది. తర్వాత, "నాలుగైదు నెలల కింద పెద్ద జ్వరం ఏమైనా వచ్చిందా?" అంది.

వినాయక చవితికి డెంగీ వచ్చి అయిదు రోజులు సెలైన్ మీద ఉన్నాను. కానీ బతుకమ్మ ఆడేనాటికి జడ ఎప్పటిలాగే ఉంది కదా, పూలు కూడా పెట్టుకున్నాను. జ్వరానికీ దీనికీ ముడి ఉంటుందని నాకు తట్టనే లేదు.

డాక్టరమ్మ లెక్క ఇదీ. తల మీద సుమారు లక్ష వెంట్రుకలు. ఎప్పుడు చూసినా పదింట్లో తొమ్మిది పెరుగుతుంటాయి, ఒకటి రెస్టులో ఉంటుంది. అందుకే రోజుకు 50 నుంచి 100 దాకా రాలడం మామూలే. గట్టి జ్వరమో, కాన్పో, ఆపరేషనో అయితే పెరిగేవి చాలా ఒక్కసారే రెస్టులోకి పోతాయి. పోయినవి వెంటనే ఊడవు. రెండు మూడు నెలలు అట్లాగే అంటిపెట్టుకుని ఉండి, అప్పుడు రాలుతాయి. అంటే చవితి దెబ్బ కార్తీకంలో బయటపడిందన్నమాట. మధ్యలో మనం మార్చిన షాంపూ, నీళ్లు, నూనె తిట్లు తింటాయి.

రక్త పరీక్షల్లో థైరాయిడ్ బాగానే ఉంది. హిమోగ్లోబిన్ 8.6. ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ అయితే అడుగంటింది. ఇక్కడ సిగ్గుపడాల్సిన మాట ఒకటుంది. నేను అంగన్‌వాడీ టీచర్‌ని. గర్భిణులకు అన్నం, పప్పు, గుడ్డు పెట్టి, ఐరన్ గోలీ కళ్ల ముందే మింగించేది నేనే. ఆడవాళ్లకు 12 కంటే తగ్గితే రక్తహీనత అని గోడ మీద చార్టు అతికించిందీ నేనే. నా రక్తం ఎంతో చూసుకుని ఎన్నేళ్లయిందో గుర్తులేదు.

డాక్టరమ్మ ఐరన్ గోలీలు రాసింది. చుండ్రుకు కెటోకొనజోల్ షాంపూ ఇచ్చి, వారానికి రెండుసార్లు అయిదు నిమిషాలు ఉంచి కడగమంది. బోరు నీళ్లతో జుట్టు గరుకుగా అవుతుంది, కుదురు నుంచి ఊడిపోదని నా బిందెల ముచ్చటకు నవ్వింది. ఐరన్ తెచ్చిన తిప్పలు నాకు కొత్త కాదు, ఇతరులకు చెప్పేవే: దొడ్డికి నల్లగా పోవడం, మలబద్ధకం. కష్టమైందల్లా చాయ్. గోలీకి అటు గంట, ఇటు గంట చాయ్ వద్దు, నిమ్మరసంతో అయితే మంచిది. పొద్దున చాయ్ వదలలేక గోలీని మధ్యాహ్నానికి మార్చుకున్నాను.

మార్చికల్లా రాలడం తగ్గింది. గోలీల వల్లనా, జ్వరం దెబ్బ తనంతట తాను తీరడం వల్లనా అంటే విడదీసి చెప్పలేను. అదే 900 నూనె వాడుతూ ఉంటే, పేరంతా దానికే పోయేది, నేను నలుగురికి చెప్పి కొనిపించేదాన్ని కూడా. ఎండాకాలంలో నుదుటి మీద పొట్టి వెంట్రుకలు నిక్కబొడుచుకుని లేచాయి. నెలకు ఒక సెంటీమీటరు చొప్పున పెరుగుతాయట. ఎంత దువ్వినా అణగవు. పిల్లలు "టీచర్ నెత్తి మీద గడ్డి" అని నవ్వేవాళ్లు. హిమోగ్లోబిన్ 11.8కి వచ్చినా, నిల్వ నిండాలని డాక్టరమ్మ ఇంకో మూడు నెలలు గోలీలు మింగించింది.

మొన్న దసరా ముందు గిన్నెల ఆమె మళ్లీ వచ్చింది. కవర్ తూచినట్టు చేతిలో ఎగరేసి, "గింతేనా అమ్మా?" అని మొహం చిన్నది చేసుకుంది. ఒక చాయ్ చెంచా ఇచ్చి పోయింది.