ఒకే గొంతు, మూడు తీర్లు: పాడే సాఫ్ట్‌వేర్ కోసం శాంపిల్స్ తీసిన నా అనుభవం

నిన్న రాత్రి ఆఖరి ఫైలు సేవ్ చేసిన. మొత్తం 840. అందులో 600 పది రోజుల్ల అయిపోయినయి. మిగిలిన 240 కి రెండు నెలలు పట్టింది. ఆ 240 మెత్తటి గొంతువి. గొంతు తగ్గించి పాడితే అదే మెత్తటి గొంతు అనుకుని మొదలుపెట్టేవాళ్ల కోసం ఇది రాస్తున్న.

మనం అక్షరాలు రికార్డు చేసి ఇస్తే, వాటిని స్వరానికి తగ్గట్టు సాగదీసి, అతికించి పాడించే సాఫ్ట్‌వేర్ ఉటావు. 2008లో జపాన్‌ల వచ్చింది. దాని బాటల వేరేవాళ్లు తయారుచేసిన ఓపెన్ ఉటావు ఇప్పుడు ఉచితంగా దొరుకుతది, నేను వాడేది అదే. ఒకే గొంతును రకరకాల తీర్లల్ల తీయడం కొత్త సంగతేం కాదు. హత్సునె మికు అనే జపాన్ పాడే సాఫ్ట్‌వేర్ గొంతుకు 2010లోనే సాఫ్ట్, డార్క్, సాలిడ్ లాంటి ఆరు తీర్లు కలిపి విడుదల చేసిండ్రు. నాకు కావాల్సింది బతుకమ్మ పాట. ఒకరు చెప్తుంటే మిగతావాళ్లు 'ఉయ్యాలో' అని అందుకోవాలె. చెప్పే గొంతు, అందుకునే గొంతు ఒక్క తీరుగ ఉంటే అది మిషను పాటే అయితది. అందుకే మూడు పెట్టుకున్న: మామూలు, మెత్తన, బలం.

లిస్టు తయారీ సులువు. హల్లులు 22, అచ్చులు అ, ఇ, ఉ, ఎ, ఒ అయిదు. దీర్ఘాలు వేరే తీయొద్దు, సాఫ్ట్‌వేరే సాగదీస్తది. ఒక్కో వరుస 'కకక', 'కికికి' లెక్క మూడుసార్లు పలకాలె. అట్ల పలికితే మొదటి క, నడుమ 'అ' నుంచి 'క్' లోకి పోయే మలుపు, ఆ తర్వాతి క, మూడూ ఒక్క ఫైలులనే దొరుకుతయి. ఇవి 110. ఒట్టి అచ్చులకు అయిదు, అచ్చు నుంచి అచ్చుకు పోయేవాటికి అయిదు కలిపితే 120. మామూలు తీరు మూడు ఎత్తుల్ల తీసిన: ఇంగ్లీషు స్వరాల పేర్లల్ల ఏ3, డి4, జి4. శ్రుతి పెట్టె భాషల ఆరు, రెండు, అయిదు శ్రుతులు. మెత్తనిది కింది రెండు ఎత్తుల్ల, బలం పై రెండు ఎత్తుల్ల. ఏడు సెట్లు. తాళం కొట్టే మెట్రోనోమ్ నిమిషానికి 100 దెబ్బల మీద, దెబ్బకు ఒక అక్షరం. మోనో, 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, వేవ్ ఫైలు. ఫైలు పేర్లు తెలుగుల పెట్టకండి, పాత ఉటావు చదవదు.

మామూలు సెట్లకు మైకు జానెడు దూరం, శబ్దం మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండ చూసుకుంటే చాలు. బలానికి మూరెడు దూరం జరగాలె, లేకపోతే 'ప', 'ట' దగ్గర శబ్దం పగులుతది.

ఇగ మెత్తటి గొంతు. మొదటిసారి 240 ఫైళ్లూ చిన్నగ పాడి తీసిన. వింటే బాగనే ఉన్నయి. సాఫ్ట్‌వేర్‌ల వేసి పాడిస్తే మామూలు తీరుకు, దీనికి తేడానే లేదు! పైగా వెనక సొయ్‌మని చప్పుడు. వారం రోజులు సెట్టింగులు వెతికిన. చివరికి తెలిసిందేందంటే, ఉటావుల ఫైలు నుంచి స్వరం తయారుచేసే భాగం ప్రతి అక్షరం శబ్దాన్ని ఒక స్థాయికి లేపుతది. దీన్ని నడిపే సెట్టింగు పి అనే ఫ్లాగు, ముట్టుకోకపోతే 86 మీద ఉంటది. మనం చిన్నగ పాడింది పెద్దగ చేసి పెడతది, దాంతోపాటు గదిలున్న ఫ్యాను చప్పుడూ లేస్తది. శబ్దం తగ్గితే లాభం లేదు, గొంతు స్వభావమే మారాలె.

గది సరిలేదేమోనని హన్మకొండల జానపద పాటలు రికార్డు చేసే ఒక స్టూడియోకు పోయిన. గంటకింత అని తీసుకున్నరు. పదో వరుస కాడ రికార్డిస్టు హెడ్‌ఫోన్ తీసి, "మేడం, పాట లేదా? ఈ కకక ఏంది?" అన్నడు. బయట సోఫాల కూసున్నోళ్లు ఒక్కసారే నవ్విండ్రు. ఓపికగ చెప్పిన: ఎఫెక్టు వద్దు, చిన్న చప్పుళ్లను కోసేసే నాయిస్ గేటు వద్దు, ట్యూనింగు వద్దు, ఉన్నదున్నట్టు ఇయ్యండని. సరేనన్నడు. ఇంటికొచ్చి చూస్తే అన్నీ వేసిండు. నాయిస్ గేటు వేసేసరికి 'హ' మొదలు, 'వ' చివర కోసుకుపోయినయి. ట్యూనింగుతోని అచ్చు నడుమ లోహం మోగినట్టున్నది. ఇచ్చినయేమో ఎంపీ3లు. ఎంపీ3ల మొదట్ల సన్నటి ఖాళీ చేరుతది, మనం మిల్లీసెకండ్లల్ల గుర్తులు పెట్టుకునే పనికి అది పనికిరాదు. స్టూడియోకు పోవాలనుకునేవాళ్లు ముందే ఒక వరుస తీయించుకుని, వేవ్ ఫైలు పెన్‌డ్రైవ్‌ల వేసుకుని, ఇంట్ల విన్నంకనే పైసలియ్యండి. పనిని చూసి నవ్వేవాళ్ల దగ్గర పని సరిగ కాదు, ఇది నా గట్టి అభిప్రాయం.

ఇంట్లనే అయింది. బీరువాకు, గోడకు నడుమ రెండు బొంతలు వేలాడదీసి, కూలరు, ఫ్రిజ్ ఆపి, కాజీపేట దిక్కు రైలు పోయినంక మొదలుపెట్టుడు. మైకు నాలుగు వేళ్ల దూరం, నోటికి ఎదురుగ కాకుండ కొంచెం పక్కకు. అంత దగ్గరికొస్తే గొంతుల కింది మోత (బేస్) పెరుగుతది కాబట్టి 100 హెర్ట్జ్ కింద కోసేయాలె. గొంతు జోలపాట పాడినట్టు, ప్రతి అచ్చుల కొంచెం 'హ' గాలి కలవాలె.

గాలి ఎక్కువైతే ఇంకో తిప్పలు. ఫైలుల స్వరం ఎత్తును సాఫ్ట్‌వేర్ కొలిచి పెట్టుకుంటది. ఒట్టి గాలైతే ఆ కొలత తప్పి, నడుమల స్వరం ఒక స్థాయి (ఆక్టేవ్) కిందికో పైకో ఎగురుతది. నాకు 'హు', 'శి' వరుసల్ల 31 ఫైళ్లు ఇట్ల పోయినయి. సరిచేయడంకన్న మళ్లీ పలుకుడే నయం: మూడొంతులు గొంతు, ఒక వంతు గాలి. ఇంకొకటి, మెత్తగ పలికేటప్పుడు నాలుక బద్ధకిస్తది. 'ళ' పోయి 'ల' అయితది, 'ణ' పోయి 'న' అయితది. ప్రతి వరుస తీసినంక 'ళళళ', 'లలల' పక్కపక్కన పెట్టి వినండి.

గుర్తులు పెట్టేటప్పుడు మామూలు సెట్టు ఓటో ఫైలును (ఏ అక్షరం ఎక్కడ మొదలైతదో గుర్తులుండే ఫైలు) కాపీ కొట్టి, మెత్తటిదానికి ప్రీ అట్టరెన్స్, అంటే అచ్చు కంటే ముందుండే హల్లు నిడివి, కొంచెం పెంచుకుంటే సగం పని తగ్గుతది, కాని ఒక్కొక్కటి విని సవరించాల్సిందే. అక్షరాల పేర్ల చివర ఎత్తు, తీరు తెలిసే గుర్తు తప్పక ఉండాలె. రెండు తీర్లల్ల 'క' ఒకే పేరుతోని ఉంటే ఒకటే పలుకుతది, రెండోది దొరకదు. ఓపెన్ ఉటావుల ఆ గుర్తులను వాయిస్ కలర్‌గా కట్టుకుంటే, స్వరానికి స్వరానికి తీరు మార్చుకోవచ్చు.

నిన్న పరీక్షకు 'ఉయ్యాలో' పాడించిన. చెప్పే వరుస బలంల, అందుకునేది మామూలు, మెత్తన రెండూ కలిపి. 'య్యా' కాడ తీరు మారిస్తే అతుకు వినవడ్డది. 'ఉ' మొదటికి జరిపి, 'ఉయ్' కొసను కొంచెం సాగదీస్తే పోయింది.