దాక్కున్న హైడ్రోజన్

పొద్దున్నే ఆంపుల్ (సీలు వేసిన చిన్న గాజు గొట్టం) తెరిచాను. లోపల వేసింది రెండే: ప్లాటినం పొడి, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం. ఐదు రోజులు 350 డిగ్రీల దగ్గర ఉంచి, ఆ తర్వాత వారం పాటు గంటకి రెండు డిగ్రీల చొప్పున చల్లార్చాను. మామూలుగా ఈ ఆమ్లానికి ప్లాటినం లొంగదు, కరిగించాలంటే ఆక్వా రీజియా (నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాల మిశ్రమం) కావాలి. కానీ సీలు వేసిన గాజులో, ఆమ్లం మరిగే 337 డిగ్రీలు దాటించి ఓపిగ్గా కూర్చోబెడితే దారికొస్తుంది. లోపల సల్ఫర్ డయాక్సైడ్ ఒత్తిడి ఉంటుంది కాబట్టి ముందు లిక్విడ్ నైట్రోజన్‌లో గడ్డకట్టించి, అప్పుడు గాజు కోశాను. ఆ కాసేపూ టెన్షనే.

అడుగున నారింజ రంగు పలుకులు! గాలిలో తేమ తగిలితే పాడైపోతాయి కాబట్టి వెంటనే నూనెలోకి దించాను. మైక్రోస్కోప్ కింద, ధ్రువణ కాంతిలో ఒక్కొక్కదాన్నే తిప్పి చూశాను. మంచి స్ఫటికమైతే మొత్తం ఒకేసారి చీకటైపోవాలి. మొదటి మూడూ సగం సగం ఆరాయి, అంటే అతుక్కున్న కవలలు. నాలుగోది దీపం ఆర్పినట్టు ఒక్కసారిగా ఆరిపోయింది. మిల్లీమీటరులో పదో వంతు కూడా లేదు. దాన్నే ఎక్స్‌రే యంత్రం మీదికి ఎక్కించాను.

సాయంత్రానికి నిర్మాణం బయటపడింది. ప్లాటినం పరమాణువులు రెండేసి జతలుగా, డంబెల్‌లా ఉన్నాయి. జతలో దూరం 2.5 ఆంగ్‌స్ట్రామ్‌ల కంటే కాస్త తక్కువ (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లో వంతు). లోహంలోనే పక్కపక్క పరమాణువుల మధ్య 2.77 ఉంటుంది, అంటే ఇక్కడ నిజమైన బంధం ఉన్నట్టే. జత చుట్టూ నాలుగు సల్ఫేట్లు, ఒక్కోటీ రెండు ఆక్సిజన్లతో రెండు ప్లాటినాలనూ పట్టుకుని నిలబడ్డాయి.

మేడమ్ వచ్చి స్క్రీన్ చూసి, "విద్యుదావేశం లెక్క చూశావా?" అన్నారు. చూస్తే కుదర్లేదు. నాలుగు సల్ఫేట్లకి మైనస్ ఎనిమిది. ప్లాటినం మూడు చొప్పున ఇస్తే ప్లస్ ఆరే. నాలుగు చొప్పున అనుకుందామంటే ఆ బంధం ఉండకూడదు. మిగిలింది ఒక్కటే దారి: రెండు హైడ్రోజన్లు ఎక్కడో దాక్కున్నాయి.

ఎక్స్‌రేకి కనపడేది ఎలక్ట్రాన్లే. 78 ఎలక్ట్రాన్ల ప్లాటినం ఉన్న స్ఫటికంలో ఒక్క ఎలక్ట్రాన్ హైడ్రోజన్‌ని వెతకాలి! ఎలక్ట్రాన్లు ఎక్కడెంత ఉన్నాయో చూపే మ్యాప్‌లో ప్లాటినం చుట్టూ లేచే దొంగ శిఖరాలే దానికంటే పెద్దవి. అందుకే మ్యాప్ వదిలేసి, సల్ఫర్-ఆక్సిజన్ దూరాలు ఒక్కొక్కటే కాగితం మీద రాసుకున్నాను. ప్లాటినాన్ని అంటుకోని ఆక్సిజన్లలో చాలావరకు 1.43, 1.44. ఒక చోట మాత్రం 1.54. మళ్ళీ చూశాను, 1.54నే. ఆక్సిజన్‌కి హైడ్రోజన్ తగిలి ఉంటే సల్ఫర్‌తో దాని బంధం ఇలాగే సాగుతుంది. దాని పక్క సల్ఫేట్ ఆక్సిజన్ 2.6 దూరంలో, చెయ్యి చాచితే అందేంత దగ్గరలో ఉంది. హైడ్రోజన్ ఉండాల్సింది సరిగ్గా ఆ ఇద్దరి మధ్యే. సౌష్ఠవం వల్ల జతకి అలాంటివి రెండు. ప్లస్ ఆరు, మైనస్ ఆరు!

ఎంత సంతోషం వేసిందో! కనపడని దాన్ని పక్కవాళ్ళ మధ్య దూరాన్ని బట్టి పట్టుకోవడం నాకు ఇదే మొదటిసారి. హైడ్రోజన్‌ని ఆ ఆక్సిజన్‌కి తగిలించి, రాత్రికి రిఫైన్‌మెంట్ (నిర్మాణాన్ని ఎక్స్‌రే కొలతలకి సరిపోయేలా కంప్యూటర్ సర్దే లెక్క) మళ్ళీ నడవడానికి పెట్టి వచ్చాను. రెండో ఆంపుల్ ఇంకా చల్లారుతోంది. బయల్దేరేటప్పుడు ఫర్నేస్ మీద 212 చూపించింది.