పీఆర్ దారులు: పర్లాకిమిడి నుంచి వేసుకున్న లెక్కలు

విదేశాల్లో శాశ్వత నివాసం (పీఆర్) అనగానే మా ఇంట్లో గానీ, ఆసుపత్రిలో తోటి నర్సుల మధ్య గానీ ముందుగా వచ్చే ప్రశ్న "ఏ దేశం?" అన్నదే. కెనడా, ఆస్ట్రేలియా, జర్మనీ, బ్రిటన్ నిబంధనలు చదివి, మా వివరాలతో లెక్కలు వేసి చూశాక ఆ ప్రశ్న కాస్త తరువాత రావలసినదని నాకు తోచింది. అంతకు ముందు తేలవలసినవి రెండున్నాయి. పీఆర్ వచ్చేదీ రానిదీ ప్రభుత్వం ముందే ప్రకటించిన పాయింట్ల పట్టిక తేలుస్తుందా, లేక ఉద్యోగమిచ్చిన యజమాని తేలుస్తాడా అన్నది ఒకటి. భార్యాభర్తలిద్దరూ చదువుకున్నవారైతే దరఖాస్తు ఎవరి పేరు మీద వేయాలన్నది మరొకటి.

నేను నర్సును. బీఎస్సీ నర్సింగ్ శ్రీకాకుళం జిల్లాలో చదివాను. మొదట బరంపురంలోనూ, పెళ్ళయ్యాక ఒడిశా-ఆంధ్ర సరిహద్దులోని పర్లాకిమిడిలోనూ పనిచేస్తున్నాను. మావారు మెకానికల్ ఇంజనీరు, రాయగడ జిల్లాలో ఒక కర్మాగారంలో మెయింటెనెన్స్ చూస్తారు. నాకు 34, ఆయనకు 38, పాప ఒకటో తరగతి. నాలుగేళ్ళ డిగ్రీలు, ఇద్దరికీ మూడేళ్ళకు మించిన అనుభవం, మధ్యతరగతి పొదుపు: ఈ ప్రాంతంలో మాలాంటి కుటుంబాలు చాలానే ఉంటాయి కనుక ఈ లెక్క మరొకరికి పనికిరావచ్చు.

ముందు కెనడా. నైపుణ్యమున్నవారిని పాయింట్లను బట్టి ఎంచుకునేందుకు 2015 జనవరిలో మొదలైన ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఫెడరల్ స్కిల్డ్ వర్కర్‌గా చేరడానికి వందకు 67 పాయింట్ల అర్హత పరీక్ష ఒకటి ఉంటుంది. అది దాటడం కష్టం కాదు. అసలు పోటీ దరఖాస్తుదారులను వరుసక్రమంలో పేర్చే 1200 పాయింట్ల సీఆర్ఎస్ పట్టికలో జరుగుతుంది. దరఖాస్తు సంగతి వినగానే మా మావయ్యగారు, "అబ్బాయి పేరు మీదే కదమ్మా వేసేది" అన్నారు. ఆయన ఆ మాట వాదనగా అనలేదు, అది సహజమన్నట్టు అన్నారు. నేను కాగితం తీసుకుని రెండు నిలువు వరుసలు గీశాను. మావారు ప్రధాన దరఖాస్తుదారు అయితే వయసుకు 55, డిగ్రీకి 112, ఇంగ్లీషు కెనడా భాషా ప్రమాణంలో ఎనిమిదో స్థాయిలో వస్తుందనుకుంటే 88, చదువూ అనుభవమూ భాషతో కలిసినందుకు 38, భార్యగా నా చదువుకూ నా ఇంగ్లీషుకూ 28, మొత్తం 321. నేను ప్రధాన దరఖాస్తుదారు అయితే వయసుకు 75, డిగ్రీకి 112, ఇంగ్లీషు తొమ్మిదో స్థాయి అందుకుంటే 116, కలయిక పాయింట్లు 75, భర్తగా ఆయన తరఫున 20, మొత్తం 398. అవే ఇద్దరు మనుషులు, అవే సర్టిఫికెట్లు, తేడా 77. మావయ్యగారు కళ్ళజోడు సవరించుకుని కూడిక రెండుసార్లు సరిచూశారు, ఆ తరువాత ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇందులో గమనించవలసినది ఇంగ్లీషు చేసే పని. తొమ్మిదో స్థాయి అంటే ఇంగ్లీషు పరీక్ష అయిన ఐఈఎల్‌టీఎస్ జనరల్‌లో వినికిడికి 8, చదవడం, రాయడం, మాట్లాడటం ఒక్కొక్కదానికి 7. రాయడంలో అరమార్కు తగ్గితే పోయేది ఆ విభాగపు పాయింట్లు మాత్రమే కాదు; కలయిక పాయింట్లు కూడా దాదాపు సగానికి పడిపోతాయి, ఎందుకంటే నాలుగు విభాగాలలోనూ తొమ్మిదో స్థాయి ఉంటేనే అవి పూర్తిగా వస్తాయి. మరో ఏడాది అనుభవం కోసం ఆగడం కన్నా మరో రెండు నెలలు రాత అభ్యాసం చేయడం లాభమని చెప్పడానికి ఇంతకన్నా ఆధారం అక్కర్లేదు. పైగా ఆ పట్టికలో ముప్పై నుంచి నలభై దాకా ప్రతి పుట్టినరోజుకూ అయిదారు పాయింట్లు పోతూ ఉంటాయి.

అయినా 398తో కెనడా తలుపు తెరుచుకోదు. 2025 రెండో సగంలో ఆరోగ్య రంగానికి ప్రత్యేకంగా తీసిన డ్రాలలో (అభ్యర్థులను ఆహ్వానించే విడతలలో) కూడా కటాఫ్ 470 చుట్టుపక్కల ఉంది. ఉద్యోగ ఆఫర్ ఉంటే గతంలో 50 గానీ 200 గానీ పాయింట్లు కలిసేవి. 2025 మార్చి 25 నుంచి వాటిని తీసేశారు. ఆఫర్ లెటర్ల వ్యాపారం చేసేవారికి అది దెబ్బ, నిజాయితీగా ఉద్యోగం వెతుక్కున్నవారికి కూడా దెబ్బే. ఏదైనా ప్రావిన్సు నామినేట్ చేస్తే ఏకంగా 600 వస్తాయి, అప్పుడిక చింత ఉండదు. కానీ ఆ నామినేషన్ ప్రావిన్సు అవసరాన్ని బట్టి వస్తుంది, చాలాచోట్ల అక్కడి ఉద్యోగమో, అక్కడి రిజిస్ట్రేషనో అడుగుతారు. ఫ్రెంచి ఏడో స్థాయి తెచ్చుకుంటే అదనపు పాయింట్లూ, కటాఫ్ తక్కువగా ఉండే ఫ్రెంచి డ్రాలూ దొరుకుతాయి. 2025 మార్చిలో ఒక ఫ్రెంచి డ్రా 379కి దిగింది. ఆ అంకె చూసి నాకూ ఒకసారి ఆశ పుట్టింది. కానీ నైట్ డ్యూటీలు చేస్తూ ఒక కొత్త భాష నేర్చుకోవలసివస్తే, అది నా వృత్తికి కూడా అక్కరకొచ్చే చోట నేర్చుకుంటాను. ఆ సంగతి జర్మనీ దగ్గర చెబుతాను.

అమెరికా గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. నర్సులకు షెడ్యూల్ ఏ అనే మినహాయింపు కింద, స్థానికులు దొరకలేదని యజమాని రుజువు చేసే లేబర్ సర్టిఫికేషన్ అవసరం లేకపోయినా, గ్రీన్ కార్డు క్యూ మాత్రం తప్పదు. ఏడాదికి సుమారు 1,40,000 ఉద్యోగ ఆధారిత వీసాలలో ఒక్కో దేశానికి ఏడు శాతం పరిమితి ఉన్నంతకాలం భారతదేశంలో పుట్టినవారికి అది పదేళ్ళ పైమాటే. బ్రిటన్‌లో నర్సులకు ఉద్యోగాలున్నాయి, కుటుంబాన్ని తీసుకువెళ్ళే వీలూ ఉంది. అయితే అక్కడ అయిదేళ్ళకు వచ్చే స్థిరనివాసాన్ని సాధారణంగా పదేళ్ళకు జరపాలని 2025 మే నెలలో ప్రభుత్వమే శ్వేతపత్రంలో ప్రతిపాదించింది. బయలుదేరేటప్పుడు ఉన్న నిబంధన చేరేసరికి ఉంటుందో లేదో తెలియని దారిలో, అదీ ఒకే యజమాని స్పాన్సర్‌షిప్ మీద, పాప చదువును పెట్టడానికి నాకు మనసొప్పలేదు.

ఆస్ట్రేలియా దగ్గర నేను ఎక్కువసేపు ఆగాను. అక్కడ 189 అంటే స్వతంత్ర వీసా, 190 అంటే రాష్ట్రం నామినేట్ చేసేది. ఈ రెండింటిలోనూ దిగేటప్పటికే పీఆర్ చేతిలో ఉంటుంది. 491 మాత్రం అయిదేళ్ళ తాత్కాలిక వీసా. నిర్దేశిత ప్రాంతంలో మూడేళ్ళు ఉండి, పన్ను లెక్కలు చూపించాక 191 ద్వారా పీఆర్ అవుతుంది. మా లెక్క ఇలా వచ్చింది: వయసుకు 25, ప్రతి విభాగంలోనూ ఐఈఎల్‌టీఎస్ 7 తెచ్చుకుంటే 10, డిగ్రీకి 15, అనుభవానికి 10, భర్తకు కూడా స్కిల్ అసెస్‌మెంటూ, ఇంగ్లీషులో 6 చొప్పునా ఉంటే 10, మొత్తం 70. రాష్ట్ర నామినేషన్‌తో 75, 491 అయితే 85. కనీస హద్దు 65. ఆ హద్దు దాటినంత మాత్రాన ఆహ్వానం వస్తుందని కాదు. వయసు విషయంలో మాత్రం ఈ పట్టిక కెనడా కన్నా దయగలది: 33 నుంచి 39 దాకా అవే 25 పాయింట్లు, నలభై నిండితేనే 15కు పడతాయి. నాకు అయిదేళ్ళ వ్యవధి ఉందన్నమాట, తొందరపడి ఎవరికో డబ్బు కట్టవలసిన పని లేదన్నమాట.

మావారి పది పాయింట్ల గురించి ఒక మాట. ఆయన ఇంజనీర్ల అర్హతలు పరిశీలించే ఇంజనీర్స్ ఆస్ట్రేలియా సంస్థ చేత అసెస్‌మెంటు చేయించకపోతే ఇంగ్లీషుకు మాత్రం అయిదు వస్తాయి. అసెస్‌మెంటుకు కెరీర్ ఎపిసోడ్లు మూడు రాయాలి: ఏ పంపు చెడిపోయింది, తాను స్వయంగా ఏ నిర్ణయం తీసుకున్నారు, ఏ లెక్క వేశారు అన్నది. "మేము చేశాం" అని రాయడానికి అలవాటుపడ్డ మనిషి చేత "నేను చేశాను" అనిపించడానికి నేను పక్కన కూర్చోవలసి వస్తోంది.

ఇక 491 అంటే చాలామంది ముఖం చిట్లిస్తారు, "పల్లెటూళ్ళకు పంపిస్తారట" అని. సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ మినహా ఆ దేశమంతా ఈ వీసాకు ప్రాంతీయమే. పెర్త్, అడిలైడ్ కూడా అందులోకే వస్తాయి. పెద్ద రైలు ఎక్కాలంటే పలాసకో బరంపురానికో పోయే మాకు అడిలైడ్ చిన్న ఊరని ఎలా అనిపిస్తుంది?

పాయింట్ల కన్నా కష్టమైనది నర్సుగా రిజిస్ట్రేషన్. 2025 ఏప్రిల్‌లో అక్కడి ఆరోగ్య వృత్తుల రిజిస్ట్రేషన్ సంస్థ అహ్‌ప్రా కొన్ని దేశాలలో పనిచేసిన నర్సులకు సులువైన దారి తెరిచింది. బ్రిటన్, ఐర్లండ్, అమెరికా, సింగపూర్ వంటివి అందులో ఉన్నాయి, భారత్ లేదు. అంటే నాకు ఎన్‌క్లెక్స్ అనే నర్సింగ్ పరీక్ష, ఆపైన అడిలైడ్‌లో ఓస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష తప్పవు. మొదటిది హైదరాబాదులో రాయవచ్చు. రెండవదానికి విమానం ఎక్కాలి, ఫీజే నాలుగు వేల ఆస్ట్రేలియన్ డాలర్ల మేర. మూడేళ్ళ నర్సింగ్ డిప్లొమా అయిన జీఎన్ఎం చదివిన నా స్నేహితురాళ్ళకు ఈ దారి ఇంకా ఇరుకు, ఎందుకంటే అక్కడ అడిగేది డిగ్రీ స్థాయి చదువు. వాళ్ళు పాయింట్ల పట్టిక చూసుకునే ముందు అహ్‌ప్రా స్వీయ పరిశీలన పత్రం చూసుకోవాలి.

జర్మనీలో కథ వేరు. అక్కడ పాయింట్లు ప్రధానం కాదు. 2024 జూన్‌లో వచ్చిన ఆపర్చునిటీ కార్డుకు ఆరు పాయింట్ల లెక్క ఉన్నా, అది ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే గడువే తప్ప పీఆర్ కాదు. నర్సుకు కావలసింది భాష, గుర్తింపు. జర్మన్ బీ2 స్థాయి, మన చదువులో లోటు ఏముందో చెప్పే అక్కడి రాష్ట్ర అధికారుల నిర్ణయం, ఆ లోటు పూడ్చే శిక్షణ లేదా పరీక్ష: ఇవి ముగిసి నైపుణ్య ఉద్యోగిగా అనుమతి వచ్చాక మూడేళ్ళు పింఛను చందాలు కట్టి, బీ1 భాష చూపితే శాశ్వత నివాసం అడగవచ్చు. కేరళలో నోర్కా, తెలంగాణలో టామ్‌కామ్ అనే ప్రభుత్వ సంస్థలు ట్రిపుల్ విన్ అనే నియామక పథకం ద్వారా నర్సులను పంపాయి. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, వార్డులో సవర రోగులతో నాలుగు సవర మాటలు, ఇవన్నీ కలిపి బతికే ఊరు మాది. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చుకున్నది ఇక్కడే. కొత్త భాష అంటే నాకు భయం లేదు. నా సందేహం మావారి గురించి. జర్మన్ రాని మెయింటెనెన్స్ ఇంజనీరు మొదటి రెండేళ్ళు ఖాళీగా కూర్చుంటే ఇల్లు ఎలా ఉంటుందో నాకు తెలుసు. అందుకే నా లెక్కలో ఆస్ట్రేలియా మొదటిది, జర్మనీ రెండో స్థానంలో ఉంది.

కన్సల్టెన్సీల సంగతి క్లుప్తంగా చెబుతాను. భువనేశ్వర్‌లోనూ, విశాఖపట్నంలోనూ నేను ఫోనులో మాట్లాడినవారిలో ఎవరూ ప్రధాన దరఖాస్తుదారు ఎవరైతే మంచిదని అడగలేదు. ఒకాయన మాత్రం పీఆర్ గ్యారంటీ అన్నాడు, ఆ మాటతో ఆ ఫోను ముగిసింది. కెనడా సలహాదారు అక్కడి కాలేజీ ఆఫ్ ఇమిగ్రేషన్ అండ్ సిటిజన్‌షిప్ కన్సల్టెంట్స్ జాబితాలో ఉన్నాడో లేదో అయిదు నిమిషాల్లో చూసుకోవచ్చు. ఉద్యోగం ఇప్పిస్తామనే ఏజెంటు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద నమోదై ఉండాలి, సేవా రుసుముగా 30,000 రూపాయలూ దానిపై జీఎస్‌టీ మించి తీసుకోకూడదు.

సరిహద్దులో బతికేవారికి అసలు పరీక్ష కాగితాల దగ్గర ఉంది. నా పదో తరగతి సర్టిఫికెట్ కటక్ బోర్డుది. అందులో ఇంటిపేరు లేదు, పేరు చివర ఉన్న కుమారిని ఇంటిపేరుగా తీసుకున్నారు. డిగ్రీ విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయానిది. అందులో ఇంటిపేరు ముందుంది. పాస్‌పోర్టులో మావారి ఇంటిపేరు చేరింది. ఈ ముగ్గురూ ఒక్కరేనని అఫిడవిట్ చేయించాను. నా తరువాత చదివినవారికి మరో చిక్కు: ఆ విశ్వవిద్యాలయం పేరు 2022లో వైఎస్సార్ పేరుగా మారి, 2024లో మళ్ళీ ఎన్టీఆర్ పేరైంది, కనుక డిగ్రీ మీద ఒక పేరు, ట్రాన్స్‌క్రిప్ట్ కవరు మీద మరో పేరు ఉంటే వివరణ జతచేయాలి. నా మొదటి రిజిస్ట్రేషన్ ఆంధ్రప్రదేశ్ కౌన్సిలుది, ఇప్పుడు పనిచేస్తున్నది ఒడిశా కౌన్సిలు కింద. వృత్తిలో నా మీద ఫిర్యాదులు లేవని తెలిపే గుడ్ స్టాండింగ్ పత్రాలు రెండు చోట్ల నుంచీ రావాలి. మొదట్లో పనిచేసిన ఒక నర్సింగ్ హోమ్‌లో జీతం కవరులో పెట్టి ఇచ్చేవారు, కనుక ఆ అనుభవానికి బ్యాంకు స్టేట్‌మెంట్ లేదు, దానిని లెక్కలో కలపలేదు.

ఐఈఎల్‌టీఎస్ ఫలితం కెనడాకూ అహ్‌ప్రాకూ రెండేళ్ళు, ఆస్ట్రేలియా వీసాకు మూడేళ్ళు చెల్లుతుంది. రెండు కౌన్సిళ్ళ పత్రాలు ఎప్పుడు కదులుతాయో నా చేతిలో లేదు కనుక ముందు వాటికి దరఖాస్తు పెట్టాను. అవి బయలుదేరాయని తెలిశాక పరీక్ష తేదీ తీసుకుంటాను, ఆ లోపల మావారి మూడో ఎపిసోడ్ పూర్తి చేయించాలి.