చూడకుండా తీసుకున్న గది

శనివారం నాడు తిరుపతిలో గది దొరకడమే గగనమని మా నల్లగొండలో అందరూ భయపెట్టడంతో, పదిహేను రోజుల ముందే ఫోన్‌లో గది తీసుకుని, చాలా తెలివైన పని చేశానని మురిసిపోయాను. కొట్టివేసిన అసలు ధర 2,400 రూపాయలు, దాని పక్కన 1,349, బ్యాంకు కార్డు వాడినందుకు మరో రెండు వందల తగ్గింపు, వెరసి రోజుకు 1,149 రూపాయలు, పన్ను అదనం. ఫొటోలో తెల్లని దుప్పట్లు పరిచిన మంచం, దాని వెనుక పెద్ద కిటికీ, ఆ కిటికీ నిండా శేషాచలం కొండలు. రెండు రాత్రులకు డబ్బు అక్కడికక్కడే కట్టేశాను. కట్టిన డబ్బు వాపసు ఇవ్వబడదని అడుగున చిన్న అక్షరాల్లో ఉన్నమాట నిజమే గాని, దర్శనం టిక్కెట్లు చేతిలో ఉన్నవాడు ప్రయాణం ఎందుకు మానుకుంటాడు?

నారాయణాద్రి తెల్లవారే వేళకు తిరుపతిలో దింపింది. స్టేషను బయట ఆటోవాళ్ళ గోల అందరికీ తెలిసిందే కాబట్టి దాని గురించి రాయను. నడిచివెళ్ళదగిన దూరానికి నూట యాభై ఇచ్చానని మాత్రం చెబుతాను. మా అమ్మకు డెబ్బై నాలుగేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. హోటలుకు చేరగానే ఆమెను పడుకోబెట్టి, వేడినీళ్ళ స్నానం చేయించి, పదింటికి తిరుచానూరు వెళ్ళాలన్నది మా ఆలోచన. రిసెప్షన్‌లోని కుర్రవాడు నా ఫోన్ చూసి, ఆధార్ జిరాక్సులు తీసుకుని, ఎంతో మర్యాదగా, "చెక్ ఇన్ పన్నెండింటికి సార్" అన్నాడు. అప్పుడు సమయం ఆరుంపావు.

తిరుపతి లాడ్జీల సంగతి ఎరిగినవారికి ఈ మాట ఎంత విడ్డూరమో అర్థమవుతుంది. ఏ రైలు ఏ వేళకు వస్తుందో, కొండమీద క్యూలో ఎన్ని గంటలు పడుతుందో ఎవరికీ తెలియని ఊరు కాబట్టి ఇక్కడ చాలా లాడ్జీలలో ఇరవైనాలుగు గంటల లెక్క ఉంటుంది. ఉదయం ఆరింటికి తాళం తీసుకుంటే మరునాడు ఆరు వరకు గది మనదే. ఈ హోటలు గోడమీద కూడా '24 గంటల చెక్ అవుట్' అని పెద్ద బోర్డు ఉంది. దాన్ని వేలితో చూపించాను. అది కౌంటరులో డబ్బు కట్టినవాళ్ళకు, ఆన్‌లైన్ వాళ్ళకు మధ్యాహ్నం పన్నెండు నుంచి ఉదయం పదకొండు అన్నాడు. ముందే కావాలంటే ఐదు వందలు కట్టాలట. నేను మాట్లాడుతుండగానే ఒక కుటుంబం సంచులతో లోపలికి వచ్చి, గది చూసి, బేరమాడి, పదినిమిషాల్లో తాళం తీసుకుని పైకి వెళ్ళిపోయింది. అమ్మ సోఫాలో కూర్చుని వాళ్ళను కళ్ళతో సాగనంపింది. ఐదు వందలూ కట్టాను. నా తగ్గింపులో ఐదో వంతు అక్కడే ఆవిరైంది.

గది నంబరు 104. మొదటి అంతస్తులో చివరన, మెట్లను ఆనుకుని ఉంది. మంచం ఉంది, తెల్లని దుప్పట్లు ఉన్నాయి, కిటికీ కూడా ఉంది; ఫొటోలో చూపిన వస్తువులన్నీ లెక్కకు సరిపోయాయి. అయితే ఆ కిటికీ తెరిస్తే చేయి చాచినంత దూరంలో పక్క భవనం గోడ, కిందికి చూస్తే జనరేటరు. స్నానాలగదిలో గీజరు పనిచేసింది గాని నీళ్ళు పోయే దారి సరిగా లేక, గడప దాటి గదిలోకి వచ్చేవి. మా ఆవిడ ఒక తువ్వాలును గడపకు అడ్డంగా పరిచి, ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే ఆమె అన్నమాట. నేను కిందికి వెళ్ళి గది మార్చమని అడిగితే, హోటలు నిండిపోయిందని, ఆన్‌లైన్‌కు కేటాయించిన గది ఇదేనని జవాబు వచ్చింది.

తిరుచానూరు అమ్మవారి దర్శనం హాయిగా జరిగింది. ఆ సంతోషంలో గదిని మరచిపోయేవాణ్ణే, సాయంత్రం నా బావమరిది బెంగుళూరు నుంచి కారులో దిగకపోయి ఉంటే. అతను దేనికీ ముందుగా ఏర్పాటు చేసుకునే మనిషి కాడు. చిత్తూరు మీదుగా వస్తూ దారిలో ఫోన్ చేసి, "మీ హోటల్ పేరేంటి బావా?" అని అడిగితే, నిండిపోయిందన్నాను. వచ్చి చూస్తానన్నాడు. వచ్చాడు, కౌంటరు దగ్గర ఐదు నిమిషాలు మాట్లాడాడు, రూమ్ బాయ్ వెంట పైకి వెళ్ళాడు. మొదట చూపించిన గదిలో తడి వాసన వస్తోందని వద్దన్నాడట. రెండోది మూడో అంతస్తులో 309. అద్దె 1,900.

నన్ను పిలిచి ఆ గది కిటికీ తెర తీసి చూపించాడు. నేను ఫోన్‌లో చూసిన కొండ అక్కడ ఉంది. చీకటి పడ్డాక ఘాట్ రోడ్డు దీపాలు వంకరటింకరగా పైకి పోతూ కనిపించాయి. అమ్మను నెమ్మదిగా లిఫ్టులో తీసుకువచ్చి ఆ కిటికీ దగ్గర కుర్చీ వేసి కూర్చోబెడితే, చేతులు జోడించి, "మన గదిలో ఇది ఎటు వైపు కనిపిస్తుందిరా?" అని అడిగింది. నాకు జవాబు తోచలేదు. బావమరిది మాత్రం ఆ రాత్రి అమ్మను, తన అక్కను ఆ గదిలోనే పడుకోమని, తన సంచీ తెచ్చి 104లో పెట్టాడు. అతను మంచివాడే, ఆ మంచితనమే ఆ పూట నాకు గిట్టలేదు.

రాత్రి ఒంటిగంటకు కరెంటు పోయి, కిటికీ కింద జనరేటరు మొదలైంది. బావమరిది గురక దాన్ని మించింది. నిద్రపట్టక కిందికి దిగితే నైట్ డ్యూటీలో పూతలపట్టు వైపు నుంచి వచ్చిన నడివయసు మనిషి ఒకాయన ఉన్నాడు. "ఏం సార్, జనరేటరా?" అని ఆయనే అడిగాడు. అంటే 104లో పడుకున్నవాళ్ళు కరెంటు పోయినప్పుడల్లా కిందికి దిగడం ఆయనకు అలవాటే. ఫ్లాస్కులో ఉన్న టీ గ్లాసులో పోసి ఇచ్చాడు. తగ్గింపు ధరకు వచ్చినవాళ్ళకు కావాలనే పనికిరాని గది ఇస్తారా అని నేను సూటిగా అడిగాను. ఆయన కోపగించుకోలేదు.

"కావాలనే ఏమీ లేదు సార్. ఇది ముప్పై ఆరు రూముల హోటలు. శని, ఆదివారాల్లో యాప్‌కి ఆరు రూములే ఇడుస్తాం. ఆ ఆరూ ఏవనేది మాకు ముందే తెలుసు. మెట్ల పక్కన 104, 204, 304, లిఫ్టు మిషను కింద రెండు, వంటింటి పైన ఒకటి. నెలనెలా వచ్చేవాళ్ళుండారు, బస్సుల్లో జనాన్ని తెచ్చే ట్రావెల్స్ వాళ్ళుండారు, వాళ్ళకి మంచివి ఇయ్యకపోతే మళ్ళీ వస్తారా? మీరు ఇచ్చిన దుడ్డులో నూటికి ఇరవై దాకా యాప్‌వాళ్ళే పట్టుకుంటారు. మాకొచ్చేది తొమ్మిదొందలు."

మరి మా బావమరిదికి 309 ఎలా వచ్చిందని అడిగాను. ఆయన కాసేపు నా ముఖంలోకి చూశాడు. "ఎక్కువిచ్చినాడని కాదు సార్. ఆయప్ప వచ్చినప్పుడు దుడ్డు ఇంకా జోబీలోనే ఉండె. నచ్చకపోతే పక్క లాడ్జికి పోతాడు. మీరు పదిహేను దినాల ముందే కట్టేసినారు. మీరు యాడికి పోతారు?"

ఆ మాట విన్నాక నాకు నిద్ర మీద ఆశ పోయింది. అంతవరకు ఇది 1,149కి, 1,900కి ఉన్న తేడా అనుకుంటూ, ఆ తేడాకు ఎంత కొండ వస్తుందో మనసులో లెక్కలు వేసుకుంటున్నాను. ఆయన చెప్పిన దానిలో ధరకు చోటే లేదు. అటువంటప్పుడు మీరే కౌంటరులో వెయ్యికి ఇస్తే యాప్ ఎందుకని అడిగితే, యాప్‌లో ఉన్న ధర కన్నా బయట తక్కువకు ఇవ్వకూడదని కొందరు ఒప్పందంలోనే రాయించుకుంటారని చెప్పాడు. ఇది ఆయన కల్పన కాదు. ఇటువంటి షరతుల విషయంలోనే, వ్యాపారంలో పోటీ సరిగా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో ఆన్‌లైన్‌లో గదులు అమ్మే మేక్‌మైట్రిప్, గోఐబిబో సంస్థపై 223.48 కోట్ల రూపాయల జరిమానా విధించింది. నేను వాడిన యాప్ ఏదన్నది ఇక్కడ అనవసరం. అన్నిటి తగ్గింపు ఎర పైకి ఒక్కలాగే ఉంటుంది. పన్ను సంగతి కూడా అడుగుదామనుకుని ఊరుకున్నాను. నేను తీసుకున్నలాంటి గదికి 12 శాతం ఉన్న జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతం చేశారు. ఆ తగ్గినదంతా మళ్ళీ ఎర్లీ చెక్ ఇన్ పేరుతో ఇచ్చేశాను కదా.

మా నాన్న గది తీసుకునే పద్ధతి ఆ మెట్ల మీద కూర్చుని ఉండగా గుర్తుకు వచ్చింది. 1987లో నా పుట్టువెంట్రుకల మొక్కు తీర్చడం ఆలస్యమైందని పదేళ్ళ వయసులో నన్ను తిరుపతి తీసుకువచ్చారు. గోవిందరాజస్వామి గుడి దగ్గర వీధుల్లో, నెత్తిన ట్రంకుపెట్టెతో, మూడు లాడ్జీలు తిరిగాము. నాన్న ప్రతి గదిలోకీ వెళ్ళి ముందు కుళాయి తిప్పేవారు, తరువాత పరుపును అరచేత్తో నొక్కేవారు, దిండు వాసన చూసేవారు, చివరికి కిటికీ తెరిచి కిందికి తొంగిచూసేవారు. లాడ్జివాడు విసుక్కుంటుంటే నాకు, అక్కకు తల కొట్టేసినట్లుండేది. ఐదు రూపాయల దగ్గర బేరం తెగక రెండో లాడ్జి మెట్లు దిగి వచ్చేస్తే, వాడే వెనుకనుంచి పిలిచి ఒప్పుకున్నాడు. ఆ పిలుపు కోసమే నాన్న మెట్లు మెల్లగా దిగారని నాకు ఇప్పుడు అనిపిస్తుంది. నేను డబ్బు కట్టిన తరువాత కుళాయి తిప్పాను.

కొండమీద దేవస్థానం గదులూ చూసుకోకుండానే తీసుకుంటాము గదా అని ఆదివారం క్యూలో నిలబడి నాకు నేనే వాదించుకున్నాను. యాభై రూపాయల గదికైనా, వంద రూపాయల గదికైనా పేరు నమోదు చేసుకుంటే, ఏ గది అన్నది ఫోన్‌కు సందేశంగా వస్తుంది; 2023 మార్చి నుంచి గది ఇవ్వడానికి, డిపాజిట్ తిరిగి ఇవ్వడానికి ముఖం గుర్తించే పద్ధతి కూడా వచ్చింది. అక్కడ గోడకు ఎదురుగా గది వచ్చినా ఎవరూ తగువు పెట్టుకోరు, ప్రాప్తం అనుకుని చాప పరుచుకుంటారు. ఒకే అద్దె కట్టినవాళ్ళందరూ ఒకే చీటీలో ఉన్నారన్న నమ్మకం ఉంది కాబట్టి కోపం రాదు. ఇక్కడ ఆ ఆరు గదులు ఏవో వాళ్ళకు ముందే తెలుసు. మూడు వందల టిక్కెట్టుకు రెండున్నర గంటల్లో దర్శనమైంది. స్వామి ముందు నిలిచిన ఆ కొన్ని క్షణాల్లో మాత్రం 104 గుర్తుకు రాలేదు.

సోమవారం కాణిపాకం వెళ్ళి, వినాయకుడిని చూసి, రాత్రికి చిత్తూరులో ఉందామనుకున్నాము. బావమరిది ఆదివారం రాత్రే బెంగుళూరు వెళ్ళిపోయాడు, ఆర్టీసీ బస్సే మాకు గతి. చంద్రగిరి దాటాక కిటికీలోంచి చల్లటి గాలి వస్తుంటే మా ఆవిడ, "ఈ రాత్రికీ ఫోన్‌లోనే తీసుకున్నారా?" అని అడిగింది. తీసుకున్నాను, తిరుపతి బయలుదేరక ముందే, 850 రూపాయలకు. ఆ మాట చెప్పడానికి ధైర్యం చాలక పూతలపట్టు వరకు మౌనంగా ఉన్నాను.

చిత్తూరులో హోటలు చేరేసరికి రాత్రి ఏడున్నర. రిసెప్షన్ ఖాళీగా ఉంది, తాళాల బోర్డు నిండా తాళాలు వేలాడుతున్నాయి. ఆ బోర్డు చూడగానే నా ప్రాణం కుదుటపడింది. మేనేజరు, "పెద్దావిడ ఉండారు కదా, కింద రూమే తీసుకోండి, మెట్లు ఎక్కే పనిలే" అని రెండు గదులు తెరిచి చూపించాడు. రోడ్డు వైపు గది విశాలంగా ఉంది, లోపలి గది నిశ్శబ్దంగా ఉంది. నేను కుళాయి తిప్పాను, పరుపు నొక్కాను. దిండు వాసన చూడబోతే మా ఆవిడ నన్ను వారించి, తానే చూసింది. అదే యాప్, తగ్గింపు అంతకన్నా ఎక్కువ, డబ్బూ ముందే కట్టేశాను. తేడా అల్లా సోమవారం రాత్రి చిత్తూరులో గదుల కోసం పోటీపడేవాళ్ళు లేకపోవడమే. తిరుపతిలో కూడా పెళ్ళిళ్ళు, సెలవులు లేని మంగళవారం అయితే 104 నా పాలబడేది కాదేమో. లేక ఆ ఆరింటికీ వారాలతో పని లేదేమో.

ఉదయం తాళం ఇచ్చేటప్పుడు మేనేజరు కార్డు ఒకటి ఇచ్చి, దాని వెనుక సొంత నంబరు రాసి, ఈసారి నేరుగా ఫోన్ చేసి వస్తే యాప్ ధరకే ఇస్తానని, గది చూసుకున్నాకే డబ్బు కట్టవచ్చని చెప్పాడు. కార్డును పర్సులో దాచుకున్నాను. బస్టాండుకు నడుస్తుంటే మా ఆవిడ, "ఇంక ఆ యాప్ తీసేస్తారు కదా?" అంది. తీసేసేవాణ్ణే. శ్రీశైలానికి నాలుగు వందల కూపన్ ఒకటి వచ్చి ఉంది, ఈ నెలాఖరుతో దాని గడువు తీరిపోతుంది.