కొల్లేటి నీళ్ల పరీక్ష: ఎండాకాలం రీడింగులు

నోట్‌బుక్‌లో మొదటి గడి టైంకే ఇచ్చాను. ఆటపాక వైపు ఒకే గట్టు, ఒకే రోజు: తెల్లవారుజామున పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె) 7.6, మధ్యాహ్నం మూడింటికి 8.9. టైం రాయని రీడింగు కొల్లేటి విషయంలో ఎందుకూ పనికిరాదు.

లోతు తక్కువ కాబట్టి నీళ్లలో నాచుకు వెలుతురు బాగా అందుతుంది. పగలు అది కార్బన్ డయాక్సైడ్ లాగేసుకుంటే పీహెచ్ ఎక్కుతుంది, రాత్రి అన్నీ ఊపిరి వదులుతాయి కాబట్టి దిగుతుంది. ఆక్సిజన్ కథా అంతే. లీటరుకు పొద్దున 3 మిల్లీగ్రాములు, మధ్యాహ్నం 11. ముప్పై డిగ్రీల నీళ్లలో గాలి నుంచి కరిగేది ఏడున్నర దాకానే, మిగతాది నాచు ఇచ్చిందే. తెల్లారగట్ల నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు తిప్పే చెరువుల రైతులకు ఇదంతా కొత్తేం కాదు. డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, పడితే చేప తేలుతుందని వాళ్లకు కిట్టు లేకుండానే తెలుసు!

అసలు టెన్షన్ అమ్మోనియాతో. కిట్టు చూపేది మొత్తం అమ్మోనియా. అందులో చేపకు విషమయ్యే భాగం ముప్పై డిగ్రీల దగ్గర, పీహెచ్ 8 అయితే ఏడెనిమిది శాతం, 9 అయితే దాదాపు నలభై ఐదు. పొద్దున పరవాలేదనిపించిన అంకె మధ్యాహ్నానికి ప్రమాదం కావచ్చు. అందుకే అమ్మోనియా శాంపిల్ మధ్యాహ్నమే తీస్తున్నాను, పక్కనే పీహెచ్, ఉష్ణోగ్రత రాస్తున్నాను. గుర్రపుడెక్క కింద తీసిన నీళ్లకు వేరే పేజీ. అక్కడ ఎండ పడదు, మధ్యాహ్నమైనా ఆక్సిజన్ లేవదు.

ఉప్పు సంగతి. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు తెస్తాయి, ఉప్పుటేరు సముద్రానికి తీసుకుపోతుంది. ఎండాకాలం పైనుంచి నీళ్లు తగ్గితే అదే ఉప్పుటేరులోంచి పోటు నీరు వెనక్కి ఎక్కుతుంది. దీనికి టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) పెన్ను అంకె రాయను. అది నిజానికి కొలిచేది విద్యుత్ వాహకతనే, తర్వాత కంపెనీ తనకు నచ్చిన గుణకంతో హెచ్చిస్తుంది. ఒక పెన్నులో 0.5, ఇంకోదాంట్లో 0.7. అందుకే రాసేది ఈసీ (ఆ విద్యుత్ వాహకతే) మాత్రమే, మైక్రోసీమెన్స్‌లో.

పీహెచ్ పెన్నును 6.86, 9.18 బఫర్లతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలు) సరిచేస్తే ఇక్కడికి చాలు, 4.01 అక్కర్లేదు. మూతలో పొటాషియం క్లోరైడ్ ద్రావణం చుక్కలు వేయాలి, ఆర్వో నీళ్లు పోస్తే ఎలక్ట్రోడ్ పాడవుతుంది. డీఓ సీసాను నీళ్లలోనే ముంచి బుడగ లేకుండా నింపి, డీఓ కిట్టులో మొదటి రెండు రసాయనాలు గట్టు మీదే వేసేయాలి. గోధుమరంగు మడ్డి దిగితే ఆక్సిజన్ పట్టుబడినట్టే, మిగతాది ఇంటికొచ్చి నీడపట్టున చేసుకోవచ్చు.

బుడమేరుకు కొత్తనీరు వచ్చాక ఈసీ ఎంత పడుతుందో చూడాలి. ఈలోగా 9.18 బఫర్ పొట్లాలు తెప్పించాలి, అయిపోవచ్చాయి.